ఎనిమిదేళ్ళ బాబుకి ఏడీహెచ్‌డీ మాత్ర రాశారు, మొదలుపెట్టాలా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటాం. మా బాబుకి మొన్న ఆగస్టు 24కి ఎనిమిదేళ్ళు నిండాయి, థర్డ్ గ్రేడ్ చదువుతున్నాడు. క్లాసులో కుదురుగా కూర్చోడని, మొదలుపెట్టిన పని సగంలో వదిలేస్తాడని, వస్తువులు పోగొట్టుకుంటాడని రెండేళ్ళుగా టీచర్లు చెబుతున్నారు. పిల్లల డాక్టరు ఇరవై నిమిషాలు మాట్లాడి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) అన్నారు. మిథైల్‌ఫెనిడేట్ ఎక్స్‌టెండెడ్ రిలీజ్ 18 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. మావారు మొదలుపెడదామంటారు. గుంటూరు నుంచి మా మామయ్యగారేమో "అక్కడ అల్లరి పిల్లలందరికీ మాత్రలు మింగిస్తారు, అలవాటు పడిపోతాడు, వద్దమ్మా" అంటున్నారు. మా ఆడపడుచు కూతురికి పదిహేనేళ్ళు, తనకీ ఈమధ్యే ఫ్లూఓక్సెటిన్ అనే డిప్రెషన్ మందు రాశారు. నిజంగానే పిల్లలకి అవసరం లేకుండా ఇన్ని మందులు ఇస్తున్నారా? సీసా తెచ్చి పది రోజులైంది, మూత తీయలేదు. జూన్‌లో ఇండియా ప్రయాణం కూడా ఉంది.

సమాధానం: సీసా మూత ఇంకో నాలుగు వారాలు తీయకపోయినా మీ బాబుకి నష్టమేమీ లేదు. ఇవాళే మందు పడకపోతే ముదిరిపోయే జబ్బు కాదిది. అయితే ఆ నాలుగు వారాలూ ఊరికే పోనివ్వకండి. మందు మంచిదా చెడ్డదా అన్న వాదన మీ ఇంట్లో ముందుకొచ్చేసింది. అసలు ఇది ఏడీహెచ్‌డీయేనా అన్న ప్రశ్న దాని వెనక పడిపోయింది. ముందు అది తేలాలి.

మీ ఉత్తరంలో మా దృష్టి మొదట ఆగింది పుట్టిన తేదీ దగ్గర. టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి ఐదేళ్ళు నిండిన పిల్లల్ని కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు. ఆ గడువుకి వారం ముందు పుట్టిన మీవాడు తరగతిలో దాదాపు అందరికంటే చిన్నవాడు. పక్కన కూర్చున్న పిల్ల సెప్టెంబర్‌లో పుట్టి ఉంటే వీడికంటే ఇంచుమించు ఏడాది పెద్దది. ఈ వయసులో ఏడాది తేడా అంటే కుదురులో, ఓపికలో చాలా తేడా. 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం నాలుగు లక్షలకు పైగా పిల్లల రికార్డులు పరిశీలించింది. సెప్టెంబర్ 1 గడువు ఉన్న రాష్ట్రాల్లో, సెప్టెంబర్‌లో పుట్టిన పిల్లల్లో పదివేలకి 64 మందికి ఏడీహెచ్‌డీ అని రాస్తే, ఆగస్టులో పుట్టిన పిల్లల్లో 85 మందికి రాశారు. అంటే మూడో వంతు ఎక్కువ. ఆ గడువు లేని రాష్ట్రాల్లో ఈ తేడా కనిపించలేదు. మీవాడికి ఏడీహెచ్‌డీ లేదని దీని అర్థం కాదు. ఆగస్టు పిల్లల్లోనూ నిజంగా ఉన్నవాళ్ళు ఉంటారు. కాకపోతే టీచర్లు వాణ్ణి ఎవరితో పోల్చి చెబుతున్నారో డాక్టరు లెక్కలోకి తీసుకోవాలి. పుట్టిన తేదీ ఫైల్లో ఉన్నంత మాత్రాన ఆ సంగతి గుర్తుకొస్తుందని అనుకోవద్దు, మీరే నోరు తెరిచి చెప్పండి.

తర్వాత డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి వాండర్‌బిల్ట్ ఫారాలు, అంటే పిల్లవాడి లక్షణాల గురించి తల్లిదండ్రులూ టీచరూ నింపే ప్రశ్నపత్రాలు, నింపించారా అని అడగండి. ఉత్తరాన్ని బట్టి చూస్తే లేనట్టే ఉంది. తల్లిదండ్రుల ఫారంలో 55 ప్రశ్నలు, టీచర్ ఫారంలో 43 ఉంటాయి. మొదటి తొమ్మిది పరధ్యానం గురించి, తర్వాతి తొమ్మిది కుదురులేనితనం, తొందరపాటు గురించి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేయాలి. 2, 3 పడినవే లక్షణంగా లెక్క. ఈ రెండు తొమ్మిదుల్లో ఏదో ఒకదానిలో కనీసం ఆరు ఉండాలి. చివర్లో చదువు, స్నేహాల గురించి ఉండే ప్రశ్నల్లో కూడా ఇబ్బంది కనబడాలి. లక్షణాలు ఆరు నెలలకు పైగా, బడిలోనూ ఇంట్లోనూ, రెండు చోట్లా ఉండాలి. ఒక్క బడిలోనే ఉంటే ముందు బడిలో ఏముందో చూడాలి. మీరూ మీవారూ విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా నింపండి. "ఇంట్లో లెగో ముందు రెండు గంటలు కదలకుండా కూర్చుంటాడు, వాడికి ఏడీహెచ్‌డీ ఏమిటి" అని తాతగారు అనవచ్చు. అది ఋజువు కాదు. ఇష్టమైన పని మీద ధ్యాస నిలవడం, ఇష్టం లేని పని మీద అసలు నిలపలేకపోవడం ఈ పిల్లల్లో మామూలే.

ఏడీహెచ్‌డీలా కనిపించే వేరే సంగతులు కొన్ని ఉన్నాయి. రాత్రి గురక పెడుతూ నోటితో ఊపిరి తీసుకుంటున్నాడా? అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరిగి నిద్ర చెడితే పగలు అచ్చం ఇలాగే ఉంటారు. చూపు, వినికిడి పరీక్షలు ఈ ఏడాది జరిగాయా? మధ్యమధ్య కొన్ని సెకన్ల పాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతే, పిలిచినా తాకినా పలక్కపోతే అది ఒకరకం మూర్ఛ కావచ్చు, ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి. చదవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లవాడు చదవమన్నప్పుడల్లా దిక్కులు చూస్తాడు. దీన్ని తేల్చడానికి మాత్ర పనికిరాదు, స్కూలు పరీక్ష కావాలి.

ఆ పరీక్ష ఉచితం. ప్రిన్సిపాల్‌కి గానీ స్పెషల్ ఎడ్యుకేషన్ విభాగానికి గానీ "మా అబ్బాయికి పూర్తి మూల్యాంకనం చేయమని కోరుతున్నాం" అని తేదీ వేసి రాతపూర్వకంగా పంపండి. నోటిమాటగా అడిగితే గడువులు వర్తించవు. టెక్సాస్‌లో 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి, మీరు అంగీకార పత్రం మీద సంతకం చేసిన దగ్గర్నుంచి 45 స్కూలు రోజుల్లో రిపోర్టు పూర్తి చేయాలి. ఇంకో మాట. మందు వేస్తేనే బడికి రానిస్తామని స్కూలు షరతు పెట్టడాన్ని 2004 నాటి ఫెడరల్ చట్టం నిషేధించింది. మనవాళ్ళు స్కూలు చెప్పిందంటే ఎదురు మాట్లాడకూడదనుకుంటారు. ఇక్కడ మాట్లాడవచ్చు, మాట్లాడాలి కూడా.

ఇక మీ మామయ్యగారి మాట. అందులో కొంత నిజం ఉంది, కొంత పాతబడింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022 సర్వే ప్రకారం అమెరికాలో 3 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 11.4 శాతానికి, అంటే 70 లక్షల మందికి పైగా, ఎప్పుడో ఒకప్పుడు ఏడీహెచ్‌డీ అని చెప్పారు. ఇది తక్కువ సంఖ్యేం కాదు. కానీ ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో మందు వాడుతున్నవాళ్ళు 2016లో 62 శాతం ఉంటే 2022కి 54 శాతం దగ్గరకి తగ్గారు. సుమారు 30 శాతం మందికి మందూ లేదు, ప్రవర్తన చికిత్సా లేదు. ఆసియా కుటుంబాల పిల్లల్లో ఈ నిర్ధారణ మిగతావాళ్ళకంటే తక్కువ. ఒక వీధిలో అవసరం లేని పిల్లవాడికి మాత్ర పడుతుంటే, పక్క వీధిలో అవసరమున్న పిల్లకి ఏమీ అందడం లేదు. అలవాటు పడతాడన్న భయం గురించి: డాక్టరు చెప్పిన మోతాదులో నోటి ద్వారా ఏడీహెచ్‌డీకి వాడిన పిల్లలు ఆ మందు వల్ల పెద్దయ్యాక మత్తుకు బానిసలవుతారని పరిశోధనల్లో తేలలేదు. ప్రమాదం వేరేచోట ఉంది. హైస్కూలు పిల్లలు ఈ మాత్రల్ని పరీక్షల ముందు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అందుకే సీసాకి తాళం ఇప్పటినుంచే అలవాటు చేయండి.

మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే అధ్యయనం 1999లో వచ్చింది, ఎంటీఏ అంటారు. మీవాడి ఈడు పిల్లలే, 7 నుంచి 9 ఏళ్ళవాళ్ళు, 579 మంది, 14 నెలలు. ఒక గుంపుకి నెలనెలా చూస్తూ, టీచర్ని అడుగుతూ డోసు సరిచేస్తూ మందు ఇచ్చారు. ఇంకో గుంపుని మామూలు డాక్టర్లకే వదిలేశారు. ఈ రెండో గుంపులోనూ మూడింట రెండు వంతుల మంది మందు వాడారు. అయినా మొదటి గుంపు స్పష్టంగా బాగుపడింది. మందు ఒకటే, చూసుకున్న తీరు వేరు. మూడేళ్ళ దగ్గర మళ్ళీ చూస్తే గుంపుల మధ్య ఆ తేడా మిగల్లేదు, అదీ చెప్పాలి. కాబట్టి ఒకసారి మొదలుపెట్టి ఏళ్ళ తరబడి రీఫిల్ చేయించుకుంటూ పోవడం వైద్యం కాదు. మీ డాక్టరుని సూటిగా అడగండి: మొదటి నెలలో మళ్ళీ ఎప్పుడు చూస్తారు? టీచర్ ఫారం మళ్ళీ ఎప్పుడు తెప్పిస్తారు? "ఆరు నెలల తర్వాత రండి" అన్నారంటే పిల్లల మానసిక వైద్యుల దగ్గరకో, పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్ దగ్గరకో పంపమని అడగండి. అపాయింట్‌మెంటుకి నెలలు పట్టవచ్చు కాబట్టి పేరు ఇప్పుడే రాయించండి.

తల్లిదండ్రులకు నేర్పే ప్రవర్తన శిక్షణ కూడా దీంతోపాటు ఉండాలి. ఆరేళ్ళలోపు పిల్లలకైతే అదే మొదట, తర్వాతే మందు. ఎనిమిదేళ్ళకి రెండూ కలిపి. సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది నుంచి పన్నెండు క్లాసులు. ఒక్కసారికి ఒక్క పనే చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, తిట్టే ముందు హెచ్చరించి ఆగడం నేర్పుతారు. ఇలా చెబితే చిన్న విషయాల్లా ఉంటాయి. రోజూ చేయడం కష్టం, అందుకే క్లాసులు.

ఇవన్నీ చూశాక ఏడీహెచ్‌డీయే అని తేలితే మాత్ర ప్రయత్నించడానికి వెనకాడవద్దని మా సలహా. మొదలుపెట్టే ముందు ఎత్తు, బరువు, బీపీ, నాడి రాయించండి. ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పాడా, రెండు వైపుల బంధువుల్లో యాభై ఏళ్ళలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా, పుట్టుకతో గుండె జబ్బులున్నాయా అన్నది ఇండియాకి ఫోన్ చేసి పెద్దవాళ్ళని అడగండి. తాతగారికి అరవై రెండేళ్ళకి స్టెంట్ పడిందన్నది వేరే సంగతి, ఇక్కడ వెతుకుతున్నది అది కాదు. ఏదైనా ఉంటే ముందు ఈసీజీ తీయించాలి.

మొదటి మాత్ర శనివారం ఉదయం వేయండి, రోజంతా మీ కళ్ళ ముందుంటాడు. 18 మిల్లీగ్రాములంటే తక్కువ డోసే. మూడు పూటలా అయిదేసి మిల్లీగ్రాముల మామూలు మాత్ర వేయడంతో సమానం. పన్నెండు గంటల దాకా పనిచేసే రకమైతే పైపూతలోని మందు మొదటి గంటలోనే పనిచేస్తుంది, మిగతాది పగలంతా కొద్దికొద్దిగా వస్తుంది. నమలకూడదు, విరగ్గొట్టకూడదు, పొడిచేసి పెరుగులో కలపకూడదు. మింగలేకపోతే తెరిచి చల్లుకునే క్యాప్సూల్ రకాలున్నాయి, డాక్టరునడిగి మార్పించుకోండి. విరేచనంలో మాత్ర పెంకు అలాగే కనిపిస్తే కంగారు పడవద్దు, లోపలి మందు వచ్చేసి ఉంటుంది.

ఈ మందు తెలిసేది మొదటి రోజుల్లోనే. వారం చూసి, చాలకపోతే డాక్టరు ఒక మెట్టు పెంచుతారు: 36, తర్వాత 54. ఈ వయసుకి అదే పైహద్దు. డోసు బరువుని బట్టి నిర్ణయించేది కాదు, పిల్లవాణ్ణి చూసి కుదుర్చుకునేది. ఒక నోటుబుక్కులో రోజూ నాలుగు విషయాలు రాయండి: మాత్ర వేసిన టైము, లంచ్ బాక్సులో మిగిలింది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య మూడ్, రాత్రి నిద్రపట్టిన టైము. టీచర్‌కి అదే వాండర్‌బిల్ట్ ఫారం మళ్ళీ ఇవ్వండి. "బాగున్నాడండీ" అన్న మాటతో డోసు కుదరదు.

ఎక్కువగా దెబ్బతినేది ఆకలి. మధ్యాహ్నం పప్పన్నం అలాగే తిరిగొస్తుంది. దానికి కొట్లాడి లాభం లేదు. మాత్ర వేయకముందే కడుపునిండా పెట్టండి: నెయ్యి వేసిన దోశో, ఇడ్లీ పల్లీ చట్నీయో, గుడ్డు తింటే గుడ్డు. మందు దిగాక రాత్రి ఏడూ ఎనిమిదికి బాగా ఆకలేస్తుంది, అప్పుడు పూర్తి భోజనం పెట్టండి, పడుకోబోయే ముందు పాలు, అరటిపండు. మూడు నెలలకోసారి ఎత్తు, బరువు గ్రాఫు మీద చూడాలి. మొదటి రెండేళ్ళలో ఎదుగుదల ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గవచ్చు. బరువు గ్రాఫు గీత దాటి కిందికి జారుతుంటే డోసు గానీ మందు గానీ మార్చాలి. నిద్ర పట్టకపోతే మాత్ర ఏడున్నరకి ముందే వేసి చూడండి.

సాయంత్రం మందు దిగేటప్పుడు కొందరు పిల్లలు అయినదానికీ కానిదానికీ ఏడుస్తారు, చిరాకు పడతారు. అది ఓ గంటలో సర్దుకుంటుంది. ఆ గంటలో కుమాన్ ట్యూషన్ షీట్లు ముందు పెట్టకండి, తినడానికేదైనా పెట్టి బయటికి వదలండి. ట్యూషన్ కోసమని సాయంత్రం ఇంకో డోసు అడగడం మాకు నచ్చని పని, నిద్ర, ఆకలి రెండూ పోతాయి. పగలంతా నవ్వకుండా, పలకకుండా బొమ్మలా ఉంటే మాత్రం డోసు ఎక్కువైందనో మందు పడలేదనో గుర్తు, "కుదురొచ్చింది" అని సంతోషించకండి. లేనివి కనబడుతున్నాయన్నా, వినబడుతున్నాయన్నా, ఛాతీలో నొప్పన్నా, కళ్ళు తిరిగి పడిపోయినా మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి చెప్పాలి. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం అయితే ఎమర్జెన్సీకే తీసుకెళ్ళండి. ఫార్మసీ ఒక నెల వేరే కంపెనీ జెనరిక్ ఇచ్చి, ఆ నెలే మందు మధ్యాహ్నానికి అయిపోయినట్టుంటే అది మీ భ్రమ కాకపోవచ్చు. 2014లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ రకం మాత్రల రెండు జెనరిక్‌లకు అసలు మందుతో సమానమన్న రేటింగ్ తీసేసింది. సీసా మీది కంపెనీ పేరు రాసిపెట్టుకోండి.

మిథైల్‌ఫెనిడేట్ కుదరకపోతే యాంఫెటమిన్ రకం ఉంది. ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎక్కువమంది పిల్లలకి పడుతుంది. ఒకటి విఫలమవగానే రిస్పెరిడోన్ లాంటి యాంటీసైకోటిక్ (తీవ్రమైన మానసిక జబ్బులకి వాడే మందు) కలుపుదామంటే ఆగి కారణం అడగండి. అమెరికాలో పిల్లలకి ఈ మందులు రాసిన డాక్టరు విజిట్లు 1993 నుంచి 2002 మధ్య ఆరు రెట్లయ్యాయి, అందులో చాలావరకు ఆమోదం లేని అవసరాలకే. ఒట్టి పరధ్యానానికి అవి మందు కాదు. బరువు, షుగర్ పెంచుతాయి.

మీ ఆడపడుచు కూతురి సంగతి పూర్తిగా వేరు. 12 నుంచి 25 ఏళ్ళవాళ్ళకి డిప్రెషన్ మందులు ఇచ్చే రేటు 2016 నుంచి 2022 చివరికి 66 శాతం పెరిగింది. 2020 మార్చి తర్వాత టీనేజీ అమ్మాయిల్లో ఆ పెరుగుదల మరీ వేగం, అదే వయసు అబ్బాయిల్లో పెరగలేదు. ఫ్లూఓక్సెటిన్‌కి ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల డిప్రెషన్‌కి 2003లోనే ఎఫ్‌డీఏ ఆమోదం ఉంది, ఇష్టమొచ్చినట్టు రాసిన మందు కాదు. కానీ 2004 నుంచి ఈ డిప్రెషన్ మందులన్నిటి మీదా నల్లగీతల హెచ్చరిక, అంటే ఎఫ్‌డీఏ వేయించే అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక, ఉంది. 24 ప్రయోగాల్లో ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడిన పిల్లల్లో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 2 శాతం కనిపించాయి. ఎవరూ చనిపోలేదు. చికిత్స లేని డిప్రెషన్‌కీ ఆ ప్రమాదం ఉందని మరవకూడదు. గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి నెల, డోసు మార్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్ళు రోజూ గమనించాలి: నిద్ర లేకుండా తిరగడం, లోపలి నుంచి తన్నుకొచ్చే అశాంతి, హఠాత్తుగా కోపం. అలా ఉంటే అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయాలి. బంధువుల్లో బైపోలార్ (ఉత్సాహం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉంటే దాచకూడదు. దాంతోపాటు కౌన్సెలింగ్ తప్పనిసరి. 2004లో 439 మంది టీనేజర్ల మీద జరిగిన అధ్యయనంలో రెండూ కలిపినవాళ్ళలో 71 శాతం, ఒక్క మందుతో 61 శాతం బాగుపడ్డారు. ఇంట్లో ఉన్న టైలెనాల్ (జ్వరం మాత్ర)తో సహా మాత్రలన్నీ తాళంలో పెట్టమనండి. చనిపోవాలనుందని అంటే అమెరికాలోని ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయవచ్చు, ఏ వేళైనా పలుకుతారు. ఆ ప్రశ్న అమ్మాయిని నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

ఇక జూన్ ప్రయాణం. మీవాడి ఇబ్బంది ముఖ్యంగా చదువు దగ్గరే అయితే డాక్టరుతో మాట్లాడి సెలవుల్లో మాత్ర ఆపవచ్చు. మిథైల్‌ఫెనిడేట్ మామూలు డోసుల్లో క్రమంగా తగ్గించనక్కర్లేదు. పోయిన బరువు కూడా ఆ రోజుల్లో తిరిగొస్తుంది. ఏడీహెచ్‌డీకే రాసే క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ లాంటివి మాత్రం ఒక్కసారిగా ఆపితే బీపీ పెరుగుతుంది, అవి రాసి ఉంటే ఈ పద్ధతి పనికిరాదు. చెయ్యి వదిలించుకుని రోడ్డు మీదికి పరిగెత్తే స్వభావమైతే గుంటూరు ట్రాఫిక్‌లో మందు లేకుండా తిప్పవద్దు. ఈ మందుకి రీఫిల్స్ ఉండవు, ప్రతి నెలా కొత్త ప్రిస్క్రిప్షన్ కావాలి. 90 రోజులకి సరిపడా ప్రిస్క్రిప్షన్లు ఒకేసారి రాసే వీలు డాక్టరుకి ఉంది, ప్రయాణానికి ఆరు వారాల ముందే ఇన్సూరెన్సుతోనూ మాట్లాడండి. మాత్రలు బాబు పేరున్న అసలు సీసాలోనే, డాక్టరు ఉత్తరంతో చేతి సంచీలో పెట్టుకోండి. దారిలో గల్ఫ్ దేశంలో దిగి ఒకటి రెండు రోజులు చూడాలనుకుంటే అక్కడి ముందస్తు అనుమతి తీసుకోండి. మిథైల్‌ఫెనిడేట్ ఇండియాలో డాక్టరు చీటీ మీద దొరుకుతుంది గానీ ప్రతి మందుల షాపులోనూ ఉండదు. అప్పటికి యాంఫెటమిన్ రకమైన యాడరాల్‌కి మార్చి ఉంటే అది అక్కడ దొరకదు. మామయ్యగారికి దాచి వేయకండి. వాండర్‌బిల్ట్ ఫారాలు, మీ నోటుబుక్కు ఆయనకే చూపించి, వాడు రోజంతా ఎలా ఉంటున్నాడో ఆయన్నీ రాయమనండి. ఆగస్టులో బడి తెరిచే వారం ముందు బరువు చూయించి మాత్ర మళ్ళీ మొదలుపెట్టండి. కొత్త టీచర్‌కి నెల రోజులు గడిచాక ఫారం ఇవ్వండి, అంతకంటే ముందు ఆమెకీ వాడి సంగతి తెలియదు.